తెల్లవారుజాము 4 గంటల రీడింగుకే 401 ఎందుకు వస్తోంది? (ఫ్లట్టర్ యాప్, ఫైర్‌బేస్ లాగిన్, క్లౌడ్ ఫంక్షన్స్)

గట్టుమీద_కోడు:

అందరికీ నమస్కారం అండి. మాది ఉండికీ ఆకివీడుకీ మధ్య ఊరు. చదివింది సివిల్, చేస్తున్నది ఫ్లట్టర్ (మొబైల్ యాప్‌లు రాసే టూల్‌కిట్), అది కూడా ఇంట్లో కూర్చుని నేర్చుకున్నదే. తప్పులుంటే తిట్టండి గానీ పరిష్కారం చెప్పి తిట్టండి.

మా బాబాయికి 6 వనామీ చెరువులు, అన్నీ కలిపి 14 ఎకరాలు. డీవో మీటరు ముంచి చూసిన ఆక్సిజన్ అంకెలు ఇన్నాళ్లూ పుస్తకంలో రాసేవారు. వానొస్తే పుస్తకం తడిసేది. వాన లేకపోతే కాపలా కుర్రాడు నిద్రపోయి, పొద్దున్నే లేచి 4.2, 4.5, 4.1 అని తనకు నచ్చిన అంకెలు వేసేవాడు. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది సూర్యోదయానికి ముందే కదా, ఆ అంకె అబద్ధమైతే మిగతా పుస్తకం ఎంత అందంగా ఉన్నా ఎందుకు? అందుకని యాప్ చేశాను. ఫోన్ నంబరు, ఓటీపీతో లాగిన్. రీడింగ్ కొడితే క్లౌడ్ ఫంక్షన్‌కి (గూగుల్ సర్వర్లలో నడిచే నా చిన్న ప్రోగ్రామ్‌కి) వెళ్తుంది, 4 కంటే తగ్గితే బాబాయి ఫోన్ మోగుతుంది.

సమస్య ఇదీ. కాపలా వాళ్లు సాయంత్రం 6కి డ్యూటీ మారేటప్పుడు లాగిన్ అవుతారు. 6:30 రీడింగ్ చక్కగా వెళ్తుంది. తెల్లవారుజాము 4 గంటల రీడింగ్ మాత్రం 401, అంటే నువ్వెవరో రుజువు కాలేదని సర్వర్ తిప్పి పంపే ఎర్రర్. మళ్లీ లాగిన్ అయితే వెళ్తుంది. గట్టు మీద చీకట్లో, ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో మీటరు పట్టుకున్నవాడు ఓటీపీ కొడతాడా?

విచిత్రం ఏంటంటే అదే ఫోన్, అదే నిమిషం, ఏరియేటర్ ఆన్ చేశామని నొక్కే బటన్ మాత్రం పనిచేస్తుంది. అది ఆన్‌కాల్ రకం ఫంక్షన్, ఫైర్‌బేస్ లైబ్రరీతోనే పిలిచేది. రీడింగ్‌ది ఆన్‌రిక్వెస్ట్ రకం, దాన్ని నేను హెచ్‌టీటీపీ ప్యాకేజీతో పిలుస్తున్నాను, హెడర్‌లో బేరర్ టోకెన్ (లాగిన్ అయ్యామని చూపే రుజువు) పెట్టి.

ఇంకో తలనొప్పి. రీడింగ్ ఫంక్షన్‌ని ముంబై రీజియన్‌కి మారుద్దామని కొత్తది ఒకటి క్లౌడ్ కన్సోల్ నుంచే పెట్టాను. అక్కడ ‘ఆథెంటికేషన్ కావాలి’ అని ఒక ఆప్షన్ కనిపించింది. కావాలి కదా అని టిక్ కొట్టాను. ఇక యాప్ నుంచి ఏ వేళ పిలిచినా 401, అదే లింకు బ్రౌజర్‌లో తెరిస్తే 403 (అనుమతి లేదు). ఫంక్షన్ మొదటి లైన్లో పెట్టిన లాగ్ కూడా రావడం లేదు.

మొన్న రెండో చెరువులో ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలింది. సమయానికి బాబాయికి మెలకువ వచ్చింది కాబట్టి సరిపోయింది. అలర్ట్ మాత్రం రాలేదు. “పుస్తకమే నయం రా, అబద్ధమైనా ఏదో ఒక అంకె ఉండేది” అన్నాడు. ఆ మాటకి మూడు రోజులుగా నిద్ర లేదు.


పాలకొల్లు_పిల్లోడు:

సిగ్నల్ ప్రాబ్లం బ్రో. గట్ల మీద తెల్లారుజామున నెట్‌వర్క్ చచ్చిపోతుంది. మా దగ్గరా అంతే. సిమ్ మార్చి చూడు.


గట్టుమీద_కోడు:

మార్చాను బ్రో, రెండు సిమ్‌లు మార్చాను. ఏరియేటర్ ఎంట్రీ అప్పుడే వెళ్తోంది కదా మరి.


లాకుల_దగ్గర_ఇల్లు:

సిగ్నల్ కాదు. 401 అనేది సర్వర్ నీతో మాట్లాడి చెప్పిన జవాబు. సిగ్నల్ లేకపోతే అసలు జవాబే రాదు, టైమ్ అవుట్ వస్తుంది, లేదా నెట్‌వర్క్ ఎర్రర్ వస్తుంది. కాబట్టి ఫోన్‌నీ సిమ్‌నీ వదిలెయ్ తమ్ముడూ.

రెండు ప్రశ్నలు. ఆ హెడర్‌లో పెట్టే టోకెన్ ఎక్కడి నుంచి తెస్తున్నావు? ప్రతిసారీ ఫైర్‌బేస్‌ని అడుగుతున్నావా, లేక లాగిన్ అప్పుడు ఒకసారి తీసుకుని దాచావా? రెండోది, 401తో పాటు వచ్చే బాడీ ఏంటి? నీ కోడ్‌లో నువ్వు రాసిన జేసన్ జవాబు వస్తోందా, లేక గూగుల్ వాళ్ల హెచ్‌టీఎంఎల్ పేజీ వస్తోందా? పాత ఫంక్షన్‌కీ, ముంబై ఫంక్షన్‌కీ విడివిడిగా చూసి చెప్పు.


గట్టుమీద_కోడు:

లాగిన్ అయ్యాక గెట్ ఐడీ టోకెన్ పిలిచి, వచ్చిన స్ట్రింగ్‌ని షేర్డ్ ప్రిఫరెన్సెస్‌లో (ఫోన్‌లో యాప్ దాచుకునే చిన్న నిల్వలో) పెట్టాను అక్కా. ప్రతి రిక్వెస్ట్‌కీ అక్కడి నుంచే తీస్తున్నాను. ఒక వీడియోలో అలాగే చూపించారు.

బాడీ చూశాను. పాతదానికి నా జేసనే వస్తోంది, “టోకెన్ చెల్లదు” అని నేనే రాసిన మెసేజ్. ముంబైదానికి హెచ్‌టీఎంఎల్.

ఇంకో విషయం కూడా ఒప్పేసుకుంటాను. నిన్న రాత్రి విసుగొచ్చి, సర్వీస్ అకౌంట్ (మనుషులకి కాక ప్రోగ్రాములకి ఇచ్చే అకౌంట్) కీ ఫైలు డౌన్‌లోడ్ చేసి యాప్ అసెట్స్‌లో పెట్టి, దాంతో నేరుగా డేటాబేస్‌లోకి రాయించాను. అది పనిచేసింది. రోజూ ఇలా వదిలేస్తే ఏమవుతుంది?


లాకుల_దగ్గర_ఇల్లు:

ముందు ఆ కీ సంగతి. ఇది చదవగానే లేచి కన్సోల్‌లో ఆ కీని డిలీట్ చెయ్. యాప్‌లోంచి ఫైలు తీసేస్తే చాలదు, కీనే రద్దు చెయ్యాలి. ఏపీకే, అంటే యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైలు, నిజానికి జిప్ ఫైలు. ఎవరైనా విప్పి అసెట్స్‌లో ఉన్నవన్నీ చూడొచ్చు. ఫైర్‌బేస్ అడ్మిన్ కీ చేతిలో ఉన్నవాడికి నీ సెక్యూరిటీ రూల్స్ ఏవీ అడ్డురావు. ఎవరి చెరువు అంకెలైనా చదువుతాడు, మారుస్తాడు, మొత్తం తుడిచేస్తాడు. గూగుల్ సర్వీసెస్ జేసన్‌లో ఉండే ఏపీఐ కీ వేరే సంగతి, అది ప్రాజెక్టు ఏదో చెప్పడానికే, యాప్‌లో ఉండాల్సిందే. రెండూ ‘కీ’ అనే మాటతో ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లు కలిపేసుకుంటారు. నేనూ ఒకప్పుడు కలిపాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

చేశావా? సరే, ఇప్పుడు 4 గంటల గొడవ.

ఫైర్‌బేస్ ఐడీ టోకెన్ ఆయుష్షు ఒక గంట. 6కి లాగిన్ అయితే 7కి చచ్చిపోతుంది. నువ్వు దాచుకున్నది 7 తర్వాత శవం. 6:30 రీడింగ్ ఎందుకు వెళ్తోందో, 4ది ఎందుకు వెళ్లడం లేదో తెలిసింది కదా. నీకు తెల్లవారుజామే కనబడుతోంది, ఎందుకంటే మధ్యలో ఎవరూ రీడింగ్ తీయడం లేదు. రాత్రి 8కి తీసినా 401 వచ్చేది. (కాపలా కుర్రాడి గురించి ఇంకో నిజం కూడా బయటపడింది, అది మీ బాబాయికి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం.)

లాగిన్ అయినప్పుడు ఫోన్‌కి రెండు అందుతాయి. ఒకటి ఈ గంట టోకెన్. రెండోది రిఫ్రెష్ టోకెన్, దానికి ఆ గంట లెక్క లేదు, కొత్త గంట టోకెన్లు అడిగి తెచ్చుకోవడానికి అది పనికొస్తుంది. ఈ పనంతా ఎస్‌డీకే (యాప్‌లో ఉన్న ఫైర్‌బేస్ లైబ్రరీ) తనే చేస్తుంది, నువ్వు అడిగితే. అంటే రిక్వెస్ట్ పంపే ప్రతిసారీ గెట్ ఐడీ టోకెన్‌ని పిలవాలి. టోకెన్ ఇంకా బతికి ఉంటే అదే ఇస్తుంది, నెట్ వాడదు, ఆలస్యం ఉండదు. గడువు అయిపోతే కొత్తది తెచ్చి ఇస్తుంది. షేర్డ్ ప్రిఫరెన్సెస్‌లో దాచడం మానెయ్. ఏరియేటర్ బటన్ పనిచేయడానికి కారణం కూడా ఇదే. ఆన్‌కాల్ రకాన్ని ఫంక్షన్స్ ఎస్‌డీకే ద్వారా పిలిస్తే, అది ప్రతి పిలుపుకీ తాజా టోకెన్ అడిగి హెడర్‌లో పెడుతుంది. అవతల ఫంక్షన్ మొదలయ్యేసరికి టోకెన్ పరీక్ష అయిపోయి, రిక్వెస్ట్ ఆథ్‌లో యూఐడీ (ఆ యూజర్ గుర్తింపు) సిద్ధంగా ఉంటుంది. ఆన్‌రిక్వెస్ట్‌లో నువ్వే వెరిఫై ఐడీ టోకెన్ పిలవాలి, పిలుస్తున్నావు, మంచిదే.

ఇక ముంబై ఫంక్షన్. మా ఇల్లు కాలవ లాకుల పక్కనే. ఇప్పుడు పడవలు లేవు గానీ తలుపులు రెండూ ఉన్నాయి. పడవ మొదటి తలుపు దాటి మధ్యలో ఆగాలి, నీళ్లు సమం అయ్యాక రెండో తలుపు తెరిచేవారు. నీ ఫంక్షన్‌కీ రెండు తలుపులు ఉన్నాయి. బయటి తలుపు గూగుల్ క్లౌడ్‌ది, దాన్ని ఐఏఎం అంటారు, ఎవరికి ఏ అనుమతి ఉందో చూసేది. రెండో తరం ఫంక్షన్స్ లోపల క్లౌడ్ రన్ మీదే నడుస్తాయి కాబట్టి ఆ తలుపు క్లౌడ్ రన్‌ది. లోపలి తలుపు నువ్వు రాసిన వెరిఫై ఐడీ టోకెన్.

నువ్వు టిక్ కొట్టిన ‘ఆథెంటికేషన్ కావాలి’ బయటి తలుపుకి. అది అడిగేది మీ కాపలా కుర్రాడి ఓటీపీ లాగిన్‌ని కాదు. ఇన్వోకర్ (ఫంక్షన్‌ని పిలిచే) అనుమతి ఉన్న గూగుల్ క్లౌడ్ అకౌంటుకి గూగుల్ ఇచ్చిన టోకెన్‌ని అడుగుతుంది. నీ ఫైర్‌బేస్ టోకెన్‌ని చూసి “ఇది నాకు తెలియదు” అంటుంది, 401. బ్రౌజర్‌లో ఏ టోకెనూ లేకుండా వెళ్లావు, 403. రెండు సందర్భాల్లోనూ నీ కోడ్ దాకా ఎవరూ రాలేదు, అందుకే లాగ్ లేదు. హెచ్‌టీఎంఎల్ పేజీ వచ్చిందంటే బయటి తలుపు, నీ జేసన్ వచ్చిందంటే లోపలి తలుపు. ఇది గుర్తుంచుకుంటే సగం టెన్షన్ పోతుంది.

పరిష్కారం: ఆ సర్వీసుకి ఆల్‌యూజర్స్ అనే పేరుకి క్లౌడ్ రన్ ఇన్వోకర్ పాత్ర ఇవ్వాలి. అంటే కన్సోల్ భాషలో పబ్లిక్. ఆ మాట చూసి భయపడకు. బయటి తలుపు తెరిచి ఉంటుంది, లోపలి తలుపు దగ్గర ఆపుతావు. టోకెన్ పరీక్ష దాటకుండా ఒక్క లైనూ నడవకూడదు, అంతే. ఫైర్‌బేస్ డిప్లాయ్ కమాండ్‌తో పెడితే ఈ అనుమతి అదే ఇచ్చేస్తుంది. నువ్వు కన్సోల్ నుంచి పెట్టావు కాబట్టి ఈ తంటా. మరి ఆ టిక్ ఎవరికి అంటావా? రోజూ ఒకసారి టైమర్ మీద నడిచే రిపోర్టు లాంటిది ఉంటే, దాన్ని క్లౌడ్ షెడ్యూలర్ ఒక సర్వీస్ అకౌంట్ పేరు మీద పిలుస్తుంది. దానికి బయటి తలుపు మూసే ఉంచాలి, ఏ ఫోనూ దాన్ని పిలవాల్సిన పని లేదు.


గట్టుమీద_కోడు:

అక్కా, కీ డిలీట్ చేశాను. చేతులు వణికాయి. గెట్ ఐడీ టోకెన్ మార్పు కూడా చేశాను, రేపు తెల్లవారుజామున చూస్తాను.

ఒక అనుమానం. ఏ చెరువు ఎవరిదో తెలియడానికి యాప్ నుంచి యూఐడీని కూడా బాడీలో పంపుతున్నాను. అది ఉంచాలా?


కోనసీమ_బ్యాకెండ్:

వద్దు, తీసెయ్. బాడీలో వచ్చే యూఐడీని నమ్మితే టోకెన్ పరీక్ష చేసి లాభం ఏంటి? నా టోకెన్‌తో లోపలికొచ్చి నీ యూఐడీ రాస్తే నీ చెరువు నాదైపోతుంది. పరీక్ష దాటిన టోకెన్‌లోంచే యూఐడీ తీసుకోవాలి. ఓనరా, కాపలానా అన్నది కస్టమ్ క్లెయిమ్స్‌లో (టోకెన్‌లో మనం అదనంగా చేర్చే వివరాల్లో) పెట్టుకోవచ్చు. మొత్తం 1000 బైట్ల లోపే ఉండాలి, కాబట్టి చెరువుల జాబితా అందులో కుక్కొద్దు, ఓనర్ అనే ఒక్క మాట చాలు. క్లెయిమ్ మార్చగానే ఫోన్‌లోకి రాదు, టోకెన్ రిఫ్రెష్ అయ్యాకే కనిపిస్తుంది. వెంటనే కావాలంటే గెట్ ఐడీ టోకెన్‌కి ట్రూ ఇచ్చి బలవంతంగా తెప్పించుకో.

ఇక అక్కగారు చెప్పినదంతా నిజమే గానీ నాకు వేరే అభ్యంతరం ఉంది. అసలు ఆ రీడింగ్‌కి ఫంక్షన్ ఎందుకు? మాది మలికిపురం వైపు. ఇటు కొన్ని గట్ల మీద నిజంగానే సిగ్నల్ ఉండదు, పాలకొల్లు పిల్లోడు చెప్పింది పూర్తిగా తప్పు కాదు. ఫంక్షన్ పిలుపు సిగ్నల్ లేకపోతే ఫెయిల్ అవుతుంది, క్యూలో నిలబడదు. ఆన్‌కాల్ అయినా అంతే. అదే రీడింగ్‌ని నేరుగా ఫైర్‌స్టోర్‌లోకి (ఫైర్‌బేస్ డేటాబేస్‌లోకి) రాస్తే, ఆండ్రాయిడ్‌లో ఆఫ్‌లైన్ నిల్వ మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. ఫోన్‌లో ఆగి, సిగ్నల్ రాగానే వెళ్తుంది. ఎవరు రాయొచ్చు అన్నది సెక్యూరిటీ రూల్స్‌లో పెట్టు, అక్కడా లాగిన్ యూఐడీ, క్లెయిమ్స్ రెండూ దొరుకుతాయి. కొత్త రీడింగ్ పడగానే నడిచే ట్రిగ్గర్ ఫంక్షన్ పెట్టి, 4 కంటే తక్కువైతే అలర్ట్ పంపు. అప్పుడు యాప్ నుంచి ఫంక్షన్‌కి టోకెన్ పంపే బాధే లేదు.

రెండు గుంతలు ఉన్నాయి, నేను రెండింట్లోనూ పడ్డాను. ఒకటి, సిగ్నల్ లేనప్పుడు ఫైర్‌స్టోర్ రైట్‌కి అవైట్ (పూర్తయ్యేదాకా ఆగమనే మాట) పెడితే అది సర్వర్ నుంచి ఒప్పుకోలు వచ్చేదాకా తిరిగి రాదు. స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది, కుర్రాడు ఎక్కలేదనుకుని ఐదుసార్లు కొడతాడు. అవైట్ చెయ్యకు, రాసినట్టు వెంటనే చూపించు. రెండోది టైము. సర్వర్ టైము ఒక్కటే పెట్టుకుంటే, 4 గంటల రీడింగ్ 6:15కి సిగ్నల్ దొరికాక ఎక్కి, 6:15 రీడింగ్‌లా కనిపిస్తుంది. మీటరు చూసిన టైము ఫోన్ నుంచి తీసుకో, ఎక్కిన టైము సర్వర్ నుంచి తీసుకో, రెండూ ఉంచు. మధ్యలో తేడా ఎంతో చూస్తే ఏ గట్టు మీద సిగ్నల్ లేదో కూడా తెలుస్తుంది.


లాకుల_దగ్గర_ఇల్లు:

రీడింగ్ వరకూ ఒప్పుకుంటాను, నాకంటే బాగా చెప్పారు. కానీ అలర్ట్ మాటేంటి? సిగ్నల్ లేని గట్టు మీద రీడింగ్ ఫోన్‌లోనే ఆగిపోతే, బాబాయి ఫోన్ 6:15కి మోగుతుంది. అప్పటికి రొయ్య తేలిపోతుంది. అంకె 4 కంటే తక్కువైతే నెట్ ఉన్నా లేకపోయినా ఆ కుర్రాడి ఫోన్‌లోనే ముందు గట్టిగా మోగాలి. అది యాప్‌లో రాసే నాలుగు లైన్లు, క్లౌడ్‌తో పనే లేదు.


కోనసీమ_బ్యాకెండ్:

అవునండీ, అది నాకు తట్టలేదు. నిజమే.

ఇంకొకటి మర్చిపోయాను. ఏరియేటర్ ఫంక్షన్‌ని కూడా ముంబై రీజియన్‌కి మారిస్తే, దాన్ని పిలిచేచోట రీజియన్ చెప్పాలి తమ్ముడూ. చెప్పకపోతే ఫ్లట్టర్ ఎస్‌డీకే అమెరికాలోని యూఎస్ సెంట్రల్ 1కే వెళ్తుంది, అక్కడ ఫంక్షన్ ఉండదు, ‘నాట్ ఫౌండ్’ అంటుంది. అదే వెబ్‌లో అయితే కార్స్ ఎర్రర్ (వేరే సైట్‌కి వెళ్లే పిలుపుని బ్రౌజర్ ఆపేది) అని చూపించి మనల్ని రెండు రోజులు తప్పుదారి పట్టిస్తుంది.


పాలకొల్లు_పిల్లోడు:

నేను సిగ్నల్ అన్నప్పుడు ఎవరూ లైక్ కొట్టలేదు, ఇప్పుడు చూడండి 😄

యాప్ చెక్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి. ఆ లింకు తెలిసినోడు ఎవడైనా తన ఓటీపీతో లాగిన్ అయి, వేరే ప్రోగ్రామ్‌తో వెయ్యి రిక్వెస్టులు కొడితే?


లాకుల_దగ్గర_ఇల్లు:

మంచి ప్రశ్న. లాగిన్ అనేది ‘ఎవరు’ అని చెప్తుంది, యాప్ చెక్ ‘ఏ యాప్ నుంచి’ అని చెప్తుంది. ఆండ్రాయిడ్‌లో ప్లే ఇంటిగ్రిటీ (ఇది అసలు యాపేనా అని గూగుల్ చేసే పరీక్ష) ద్వారా పనిచేస్తుంది. ఆన్‌కాల్‌లో ఎన్‌ఫోర్స్ యాప్ చెక్ అని ఒక్క ఆప్షన్ ట్రూ చేస్తే, ఆ టోకెన్ లేని పిలుపులు తిరిగిపోతాయి. కానీ ఇవాళే పెట్టకు. మొదట ఊరికే చూస్తూ ఉండు, మంచి పిలుపులు ఎన్ని, అనుమానంగా ఉన్నవి ఎన్ని అని కన్సోల్ చూపిస్తుంది. ఏపీకేని వాట్సాప్‌లో పంపి ఇన్‌స్టాల్ చేయిస్తున్నావు కదా, అలాంటి ఫోన్లు పరీక్షలో ఆగిపోవచ్చు. ముందు ప్లే స్టోర్‌లో ఇంటర్నల్ టెస్టింగ్‌కి పెట్టు.


గట్టుమీద_కోడు:

వాట్సాప్ సంగతి ఎలా తెలిసింది అక్కా, నేను చెప్పలేదే!

ఇవాళ్టి సంగతి చెప్తాను. నిన్న రాత్రి అలారం పెట్టుకుని నేనే 4కి గట్టు మీదకి వెళ్లాను. బాబాయి కూడా వచ్చాడు, నమ్మకం లేక. మొదటి చెరువు 4.6, వెళ్లింది. రెండోది 3.8. నా చేతిలో ఫోన్ మోగింది, రెండు సెకన్లకి బాబాయి జేబులో మోగింది. ఆయన ఉలిక్కిపడి ఫోన్ దాదాపు చెరువులో వేసేశాడు. ఏరియేటర్లు రెండు అదనంగా వేసి అరగంట కూర్చున్నాం. ఒక్క ఓటీపీ కూడా కొట్టలేదు.

రీడింగులు ఫైర్‌స్టోర్‌కి మార్చే పని ఈ ఆదివారం పెట్టుకుంటాను, అప్పటిదాకా ఫంక్షనే. ముంబై ఫంక్షన్‌కి ఇన్వోకర్ ఇచ్చాను, టోకెన్ లేకుండా పిలిచి చూశాను, నా సొంత జేసన్ 401 వచ్చింది. జీవితంలో 401 చూసి సంతోషపడటం ఇదే మొదటిసారి.

మిగిలింది ఒక్కటే. గట్టు మీద ఉన్నది ఒకే ఫోన్, ముగ్గురు కుర్రాళ్లు. ముగ్గురూ ఒకడి నంబరు మీదే నడిపిస్తున్నారు. దొంగ అంకె ఎవరు కొట్టారో నాకు ఎలా తెలుస్తుంది?


కోనసీమ_బ్యాకెండ్:

ఫోన్‌కి ఒక లాగిన్ ఉంచు, పైన మూడు పేర్ల బటన్లు పెట్టు, డ్యూటీ ఎక్కినవాడు తన పేరు మీద నాలుగంకెల పిన్ కొడతాడు. రీడింగ్‌లో ఫోన్ యూఐడీ, కుర్రాడి పేరు రెండూ పడతాయి. పిన్ పక్కవాడికి చెప్పేస్తే టోకెన్ ఏమీ చెయ్యలేదు. దానికి మీ బాబాయే తెల్లవారుజామున ఒకసారి గట్టు మీదకి రావాలి.


గట్టుమీద_కోడు:

వస్తాడు. ఇవాళ కూడా పుస్తకం తెచ్చుకున్నాడు, రెండు చోట్లా రాస్తున్నాడు.